‘మంచి మనిషిని చేస్తుందంటున్నారు, నాకేమో కోపం తప్ప ఏమీ రావడం లేదు’

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. అనంతపురం పాతూరులో బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. ఒక్కడే కొడుకు, ఆరేళ్ళు. మూడున్నరేళ్ళప్పుడు బెంగళూరులో చూపిస్తే ఆటిజం అన్నారు. మాటలు తక్కువ. నన్ను నాన్నా అని పిలవడు. షాపుకు తీసుకొస్తే మాత్రం కాయిల్ చుట్టే మిషన్ దగ్గర కూర్చుని కౌంటర్ మీద అంకెలు చదువుతాడు. అంకెలొచ్చిన నోటికి నాన్న అనే మాట రాదా అని కడుపు మండుతుంది. పోయినేడు గుత్తిలో పెళ్ళికి పోతే బ్యాండు మేళానికి చెవులు మూసుకుని కిందపడి పొర్లాడు. నలుగురిలో తలకొట్టేసినట్టయి వాణ్ణి కొట్టాను. అప్పటినుంచి ఎక్కడికీ పోవడం లేదు. రాత్రి పది దాకా షాపులోనే ఉంటున్నా. వారంలో మూడు నాలుగు రోజులు మందు తాగుతున్నా. ఫోన్ చూపించి పిల్లోణ్ణి చెడగొట్టిందని మా అమ్మ మా ఆవిణ్ణి అంటూ ఉంటుంది. నేను మాట్లాడను. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు వేయిస్తే బాగవుతాడని ఒకాయన చెబితే, ఉన్న రెండెకరాలు అమ్ముదామా అనుకుంటున్నా. మా బావమరిది ‘దేవుడు ఇలాంటి పిల్లల్ని గట్టోళ్ళకే ఇస్తాడు బావా, ఇది నిన్ను మంచి మనిషిని చేస్తుంది’ అంటాడు. నాకు ఆ మంచి ఎక్కడా కనపడటం లేదు. వచ్చే నెల తాడిపత్రిలో మా అక్క కూతురి పెళ్ళి. మేనమామను, గంప ఎత్తాల్సింది నేనే. వీణ్ణి ఇంట్లో వదిలి పోవాలా? నేను చెడ్డ తండ్రినా?
పేరు వద్దు, అనంతపురం

సమాధానం: కాదు. కొడుకు దేన్ని చూస్తున్నాడో, ఏం చదువుతున్నాడో గమనించి రాసిన మనిషిని చెడ్డ తండ్రి అనలేం. అలసిపోయిన తండ్రి అనొచ్చు.

మీ బావమరిది ప్రేమతోనే అని ఉంటాడు. కానీ కోపంతో ఉడికిపోతున్నవాడికి ‘ఇది నీ మంచికే’ అని చెబితే ఏమవుతుంది? కోపం అలాగే ఉంటుంది, పైగా ‘నేనింకా మంచోణ్ణి కాలేదే’ అనే దిగులొకటి తోడవుతుంది.

అలాగని ఆయన మాట పూర్తిగా గాలి మాటా కాదు. అమెరికాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్ అనే సైకాలజిస్టులు పెద్ద దెబ్బ తిన్న మనుషుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళలో చాలామంది కొంతకాలం పోయాక తమలో మార్పు వచ్చిందని చెప్పారు. మనుషులకు దగ్గరయ్యామని, ఇంత తట్టుకోగలమని అనుకోలేదని, ఏది ముఖ్యమో ఇప్పుడు తెలిసిందని అన్నారు. కొందరికి కొత్త దారి దొరికింది, కొందరికి దేవుడి గురించి ఆలోచనే మారింది. 1996లో దీన్ని కొలిచే ప్రశ్నావళిని కూడా వీళ్ళు తయారు చేశారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని అడిగినప్పుడూ ఇలాంటి మాటలే వినపడ్డాయి. కాకపోతే ఈ పరిశోధనలు ఎక్కువగా అడిగింది తల్లుల్ని. తండ్రుల దగ్గరికి వెళ్ళినవి తక్కువ.

బావమరుదులు చెప్పకుండా వదిలేసే సంగతులు ఇందులో రెండున్నాయి. ఒకటి, దెబ్బ దానంతటది ఎవర్నీ బాగుచేయదు. దాంతో పెనుగులాడే క్రమంలో కొందరు మారతారు, కొందరు మారరు, మారనివాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. రెండు, మార్పు వచ్చినంత మాత్రాన బాధ పోదు. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన 1962లోనే, మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రుల గురించి రాస్తూ, వాళ్ళ దుఃఖం బతికినంతకాలం వెంట ఉంటుందని, అది సహజమే తప్ప జబ్బు కాదని చెప్పాడు. అది రోజూ ఒకే తీరుగా ఉండదు. తగ్గినట్టే తగ్గి, ఏదో ఒక సందర్భంలో పైకి లేస్తుంది. మీవాడికి ఆరేళ్ళు. వాడి ఈడు పిల్లలు పొద్దున్నే యూనిఫాం వేసుకుని ఒకటో తరగతికి పోతుంటే మీరు షాపు షట్టర్ ఎత్తుతుంటారు. ఈ ఏడాదే కోపం ఎక్కువైందంటే నాకు వింతగా లేదు.

ఇక మీ ఉత్తరంలో నేను ఆగి మళ్ళీ చదివిన వాక్యం, ఆ కౌంటర్ గురించి రాసింది. మీకు అక్కడ కడుపు మండుతోంది. నాకైతే అక్కడే దారి కనపడుతోంది.

కౌంటర్ మీద చుట్టు చుట్టుకూ ఒక అంకె మారుతుంది. చప్పుడు ఒకేలా ఉంటుంది. ఇరవై తర్వాత ఇరవై ఒకటే వస్తుంది. మధ్యలో ఎవరూ వచ్చి బుగ్గ గిల్లరు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు, తర్వాత ఏం రాబోతోందో ముందే తెలిసే పనులు ప్రాణానికి హాయిగా ఉంటాయి. ‘నాన్నా’ అని పిలవడం అలాంటిది కాదు. ఎదుటి మనిషిని చూడాలి, ఆయన పలుకుతాడని తెలియాలి, పిలిచి ఆగాలి. మీవాడికి కష్టమైంది సరిగ్గా అదే. అంకెలు చదివి నాన్న అనకపోతే మిమ్మల్ని వద్దనుకున్నట్టు కాదు.

ఇలా చేసి చూడండి. రోజూ ఒక పావుగంట, షాపులో గిరాకీ లేని వేళ. టెస్టింగ్ బోర్డుకు కరెంటు తీసేయండి. వార్నిష్ డబ్బాకు మూత బిగించి దూరంగా పెట్టండి, ఆ వాసన పిల్లలకు మంచిది కాదు. తుక్కు తీగ తీసుకుని ఊరికే ఒక కాయిల్ చుట్టండి. వాడి పక్కన కాకుండా ఎదురుగా కూర్చోండి, మీ ముఖం వాడి ముఖం ఎత్తులో ఉండాలి. వాడు అంకెలు చదువుతుంటే మీరూ గొంతు కలపండి. ఇరవై తొమ్మిది దగ్గర హ్యాండిల్ ఆపేయండి. ‘చెప్పు, చెప్పు’ అనొద్దు. నోరు మెదపకుండా వాడి వైపు చూస్తూ లోపల పది దాకా లెక్కపెట్టండి. వాడు ముప్పై అనొచ్చు. ఊ అనొచ్చు. మీ చెయ్యి పట్టి లాగొచ్చు. ఒక్క క్షణం మీ ముఖంలోకి చూడొచ్చు. ఏది చేసినా వెంటనే తిప్పండి. వాడి వరకు అది మాట్లాడటమే, మీరు బదులిచ్చారు. ఏడుపు మొదలుపెడితే ఎక్కువసేపు ఆపారని అర్థం. తిప్పేయండి, రేపు తక్కువ ఆపుదురుగాని. కొన్నాళ్ళకు హ్యాండిల్ వాడి చేతికిచ్చి అంకెలు మీరు చదవండి. అప్పుడు ఆపే వంతు వాడిది, ఎదురుచూసే వంతు మీది.

స్పీచ్ థెరపిస్టులు సబ్బు బుడగలతో, బొమ్మ కార్లతో చేసే పని ఇలాంటిదే. మీకు వాడికి ఇష్టమైన వస్తువు షాపులోనే ఉంది. ఏం జరిగిందో రాసుకుని థెరపీకి వెళ్ళినప్పుడు చూపించండి, అక్కడి నుంచి ఎలా పెంచాలో వాళ్ళు చెబుతారు. దీంతో ‘నాన్నా’ అనే పిలుపు వస్తుందని నేను మాటివ్వను. కొందరికి ఆలస్యంగా వస్తుంది, కొందరు బొమ్మల కార్డులతోనో, చేయి పట్టి లాగో పిలుస్తారు. అలా లాగినప్పుడు పలకండి.

బావమరిది చెప్పిన ఆ మంచి మనిషి అంటూ ఎవరైనా రావాలంటే ఇలాంటి పావుగంటల్లోంచే వస్తాడు. మన ఇళ్ళల్లో ఇలాంటి బిడ్డ ఉంటే తల్లి ఉద్యోగం మానేసి థెరపీల వెంట తిరుగుతుంది, తండ్రి ఫీజులు కడతాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకు బిడ్డ అర్థమవుతాడు. ఆయనకు బిల్లులు తప్ప ఏమీ అర్థం కావు, అందుకే భయం తగ్గదు. ‘నేను దీన్ని అంగీకరించాలి’ అని కూర్చుని ఎంత అనుకున్నా మనసు వినదు. బిడ్డతో తనదంటూ ఒక పని పెట్టుకున్న తండ్రికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చూపు మారుతుంది. ఎందుకంటే రోజూ చూస్తాడు కాబట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఆయనకే తెలుస్తుంది.

కొట్టిన సంగతి మీరు దాచలేదు, నేనూ నేరుగా చెబుతాను. ఇంకెప్పుడూ కొట్టొద్దు. మనకు సందడిగా అనిపించే బ్యాండు కొందరు పిల్లల చెవులకు నొప్పి. మొండికేసిన పిల్లవాడు మధ్యమధ్యలో ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట చూస్తాడు, అడిగింది ఇస్తే లేచి కూర్చుంటాడు. మీవాడి పొర్లాట అలా ఆగదు. తట్టుకోలేనంత అయ్యాక ఒళ్ళు వాడి అదుపులో ఉండదు. ఆ సమయంలో దెబ్బ పడితే వాడు నేర్చుకునేది ఒక్కటే, నాన్న దగ్గర కూడా దాక్కోలేనని. నిజానికి మీ చెయ్యి లేచింది నలుగురూ చూస్తున్నందుకు. మీరే రాశారు.

తాడిపత్రి పెళ్ళికి వాణ్ణి తీసుకునే వెళ్ళండి. ఈసారి ముందే ఏర్పాటు చేసుకుని వెళ్ళండి. మీ అక్కకు ఇప్పుడే ఫోన్ చేసి, మేము వస్తాం గానీ మొత్తం ఉండలేకపోవచ్చని చెప్పండి. మండపం దగ్గర ఒక గది, చివరిదైనా సరే, మీకు ఉంచమనండి. వీలైతే ముందురోజు సాయంత్రం, బాజాలు లేనప్పుడు, వాణ్ణి ఖాళీ మండపంలో నాలుగు చుట్లు తిప్పండి. చప్పుడు ఎక్కువుండే ఫ్యాక్టరీల్లో చెవులకు పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు చిన్నపిల్లల సైజులో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెళ్ళిరోజు కొత్తగా తగిలిస్తే పీకి పారేస్తాడు, ఈ నెలంతా ఇంట్లో రోజూ కొద్దిసేపు పెట్టి అలవాటు చేయండి. వాడు తినే అన్నం, పెరుగు ఇంటినుంచే తీసుకెళ్ళండి. పెళ్ళి భోజనంలో ఓళిగ తినలేదని ఎవరైనా బాధపడితే పడనీయండి. గంప ఎత్తే పది నిమిషాలు మీరూ, పక్కన నిలబడాల్సిన మీ ఆవిడా ఇద్దరూ పనిలో ఉంటారు. ఆ పది నిమిషాలు వాడి చెయ్యి పట్టుకుని బయట నడిపించే మనిషి ఎవరో ముందే ఖాయం కావాలి. మంచి మాటలు చెప్పే బావమరిది ఉన్నాడుగా, ఆ పని ఆయనకు అప్పగించండి.

ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట సిద్ధంగా పెట్టుకోండి. ‘మావాడికి ఆటిజం, చప్పుడు పడదు.’ అంతే, అంతకుమించి వివరణ అక్కర్లేదు. మొదటిసారి గొంతు పట్టేస్తుంది. అందుకే పెళ్ళిలో కాకుండా ముందుగా షాపుకొచ్చే తెలిసిన రైతుతో ఒకసారి అనేయండి.

మీ అమ్మగారి విషయం. ‘నేను మాట్లాడను’ అని రెండే మాటల్లో దాటేశారు. మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది అదే అని నా అనుమానం. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించింది. పుట్టకముందే మొదలవుతుంది, వంశపారంపర్య కారణాల పాత్ర పెద్దది. ఫోన్ వల్ల రాదు. గంటలకొద్దీ ఫోన్ చూస్తే మాట్లాడించే సమయం తగ్గుతుంది కాబట్టి తగ్గించడం మంచిదే, అది వేరే సంగతి. టీకాల వల్లా రాదు. అలా అన్న 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

తల్లిని తప్పుపట్టడం మీ అమ్మగారితో మొదలు కాలేదు. అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే చాలాకాలం, తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని నమ్మారు. ఆ నమ్మకం మీద గట్టి దెబ్బ కొట్టినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే ఒక తండ్రి. నౌకాదళంలో సైకాలజిస్టు, కొడుకుకు ఆటిజం. దొరికిన పరిశోధనలన్నీ చదివి, ఇది పెంపకం వల్ల కాదు, శరీరంలోని కారణాల వల్ల అని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది ఇతర తల్లిదండ్రులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. (తర్వాత ఆయనే విటమిన్లని, టీకాలని రుజువులేని దారుల్లోకీ పోయాడు. తండ్రి అయినంత మాత్రాన అన్నీ తెలుస్తాయని లేదు.) మీరు పుస్తకం రాయక్కర్లేదు. మీ ఆవిడ వింటుండగా, ‘అమ్మా, ఇది పుట్టుకతో వచ్చింది, ఆమె చేసింది కాదు, ఇంకోసారి ఆ మాటనొద్దు’ అని చెప్పండి. అమ్మ రెండురోజులు అన్నం దగ్గర అలుగుతుంది. అలగనీయండి. తర్వాత కసాపురం ఆంజనేయస్వామి మొక్కు తీర్చుకుంటానంటే తోడు వెళ్ళండి, ఏం పోతుంది? థెరపీ ఆపమనకుండా ఉంటే చాలు.

పొలం అమ్మొద్దు. ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్స పనిచేస్తుందని రుజువు లేదు. కాలిన కాయిల్ తీసేసి కొత్తది చుడితే మోటారు తిరుగుతుంది, మీ చేతులకు అది అలవాటు. అందుకే ఇదీ ఒక ఇంజెక్షన్‌తో అయిపోవాలని మనసు కోరుకుంటుంది. అలా అయ్యేది కాదిది. ఆ రెండెకరాలు రేపు వాడికే కావాలి.

డబ్బు విషయంలో మీరు చేయగలిగింది వేరే ఉంది, కాగితాల పని. ఇది మీ ఆవిడ నెత్తిన వేయకుండా మీరు తీసుకోండి. ముందు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్. మీ వార్డు సచివాలయంలో స్లాట్ అడగండి, దాంతోపాటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీకీ పెట్టుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 అయింది. మిగతా అర్హతలేమిటో సచివాలయంలోనే చెబుతారు. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది, అందులో థెరపీలూ ఉన్నాయి. ప్రతిసారీ బెంగళూరు బస్సెక్కకుండా పెద్దాసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాల్ని చూసే డీఈఐసీ విభాగం ఎక్కడో కనుక్కోండి. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. మీ జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులున్నాయి, అక్కడా అడగండి. ఆఫీసుల్లో రేపు రమ్మంటారు, తెలుసు. కరెంటు కనెక్షన్ కోసం తిరిగిన ఓపిక మీకుంది.

‘మేం పోయాక వీడి గతేంటి’ అన్న భయం మీరు రాయలేదు గానీ, రాత్రి పది దాకా షాపులో కూర్చునే తండ్రికి అది లేకుండా ఉండదు. 18 ఏళ్ళు నిండాక చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది, కలెక్టర్ ఉండే కమిటీ ఆ పని చూస్తుంది. దానికి ఇంకా పన్నెండేళ్ళుంది. ఇప్పుడు మీరు చేయాల్సింది చొక్కా బొత్తాలు. పైనుంచి అన్నీ మీరు పెట్టి, చివరి బొత్తాం సగం దూర్చి వదలండి, వాడు లాగితే పడాలి. అది వచ్చాక చివరిది పూర్తిగా, తర్వాత చివరి రెండు. పని పూర్తిచేసిన ఘనత ప్రతిసారీ వాడికే దక్కుతుంది. నిక్కరు, చెప్పులు, స్నానం చెంబు, అన్నీ ఈ లెక్కనే. నెలలు పడుతుంది.

మందు గురించి ఉపన్యాసం ఇవ్వను. మగవాళ్ళకు డిప్రెషన్ వస్తే చాలాసార్లు ఏడుపుగా కనపడదు. కోపంగా, ఇంటికి పోబుద్ధి కాకపోవడంగా, తాగుడుగా కనపడుతుంది. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. నిద్ర సరిగా లేకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ముందు షాపు ఎనిమిదికి కట్టేయండి. ఆ రెండు గంటల్లోనే తాగుడు ఎక్కువగా జరుగుతోందని నా అంచనా.

చివరిగా ఒక పని. వారంలో ఒక్కరోజు థెరపీకి మీ ఆవిణ్ణి ఇంట్లో విశ్రాంతి తీసుకోమని మీరే తీసుకెళ్ళండి. లోపల తల్లులు మాట్లాడుకుంటుంటారు. ఏ స్కూల్లో చేర్చుకుంటున్నారు, ఏ డాక్టర్ ఓపిగ్గా చెబుతాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. తండ్రులు మాత్రం బయట బండ్ల మీద కూర్చుని ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటుంటారు. ఎవరో ఒకరి పక్కన బండి ఆపి, ‘మీవాడికి ఎన్నేళ్ళన్నా?’ అని అడగండి. ఆయన చెబుతాడు, మిమ్మల్నీ అడుగుతాడు. రెండో వారానికి ఉగ్గాని బజ్జీ దగ్గర కూర్చుంటారు. మీ బావమరిదితో అనలేనివి ఆయనతో అనగలుగుతారు.